చేపల పులుసు పందెం కోసం ఆర్కిటిక్ మంచు లెక్క వాడి చూశా: ఎన్‌ఎస్‌ఐడీసీ సర్వీసు మీద నా రివ్యూ

ఎన్‌ఎస్‌ఐడీసీ అంటే ఆర్కిటిక్ మంచు లెక్కలు పెట్టే అమెరికా డేటా కేంద్రం. దానికి ఐదుకి నాలుగు స్టార్లు. పోయిన ఆ ఒక్క స్టారు ఎందుకు పోయిందో చెప్పడానికే ఇంత రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, వనామీ రొయ్యల గుంటలు వేసుకుని బతికేవాళ్లం. మంచుతో నాకు సంబంధం అంటే పట్టుబడి రోజున ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే గడ్డలే. ఆర్కిటిక్ సముద్రం మీద మంచు ఎంతుందో చూడాల్సిన ఖర్మ మా మేనమామ వల్లా, ఆయన పెద్దకొడుకు వల్లా పట్టింది. ఆ కొడుకు నాకు బావ, చెన్నైలో సాఫ్ట్‌వేర్. నెలకోసారి ఇంటికొస్తాడు, వచ్చిన గంటకల్లా తండ్రీకొడుకులకి గొడవ. 2025 జూలైలో గొడవ మంచు మీద పడింది. "ఏందిరా, కరిగిపోతా ఉంది కరిగిపోతా ఉంది అని ఏడస్తా ఉండారు, ఇరవై ఏళ్ల నుంచి అట్నే ఉంది గదా" అని మామ. "నాయనా, ఇంకో పదేళ్లు పోతే ఒక్క గడ్డ మిగలదు, నువ్వు వాట్సాప్‌లో వచ్చేవి చూసి మాట్లాడొద్దు" అని బావ. నిజం చెప్పాలంటే ఇద్దరూ వాట్సాప్ చూసే మాట్లాడుతున్నారు, గ్రూపులే వేరు.

చివరికి పందెం. ఆర్కిటిక్ మంచు ఏటా సెప్టెంబర్‌లో అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది కదా, 2025 సెప్టెంబర్ అంకె ఇప్పటిదాకా వచ్చిన అతి తక్కువ పదింటిలో ఉంటుందని బావ, ఉండదని మామ. ఓడినవాడు ఇంటిల్లిపాదికీ చేపల పులుసు పెట్టించాలి, అదీ వంజరంతో. అంపైర్‌ని నేను. ఎక్కడి అంకె చూడాలో మాత్రం ఎవరూ అనుకోలేదు, తలనొప్పంతా అక్కడే మొదలైంది.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతా. ఏదో యాప్ దొరికింది, పేరు చెప్పను, ఏడాదికి 499 కట్టా. రోజూ పొద్దున్నే ఫోన్ మోగేది, "రికార్డు పతనం" అని ఒకరోజు, "భారీ పెరుగుదల" అని మర్నాడు. వారం తర్వాత అర్థమైంది, వీళ్లు ఏ రోజుకారోజు అంకెని ముందురోజుతో పోల్చి ఎర్రరంగు వేస్తున్నారు. ఆర్కిటిక్ మీద గాలి అటు తిరిగినా ఇటు తిరిగినా ఒక్కరోజు అంకె ఎగురుతుంది. గుంటలో మేత చూసుకునే చెక్‌ట్రే ఒక్కసారి లేపి చూసి మొత్తం రొయ్య మేత తినడం మానేసిందని ఏడ్చినట్టు ఉంటుంది అది. తీసేశా. డబ్బులు రాలేదు.

ఆ తర్వాత బావే ఎన్‌ఎస్‌ఐడీసీ లింకు పంపాడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో, యూనివర్సిటీలో ఉండే మంచు డేటా కేంద్రం. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ లేదు. గ్రాఫు తెరిస్తే 1979 నుంచి ప్రతి ఏడాదికీ ఒక గీత, కావాల్సిన ఏడాది మీద నొక్కితే ఆ గీత లేస్తుంది, వేలు పెట్టిన తేదీ దగ్గర అంకె చూపిస్తుంది. వెనకాల బూడిదరంగు పట్టీ, అది 1981 నుంచి 2010 వరకు మామూలుగా ఎంత ఉండేదో చెబుతుంది. రాత్రి ఏరేటర్ల దగ్గర కాపలా కూర్చున్నప్పుడు ఫోన్‌లోనే చూసుకునేవాణ్ణి, మా వైపు సిగ్నల్‌కి కూడా తెరుచుకుంది. ఇంత మంచి వస్తువు ఊరికే ఇస్తున్నారంటే ముందు దండం పెట్టాలి, తర్వాతే తప్పులు వెతకాలి.

ఇప్పుడు అసలు సంగతి. వీళ్లు ఇచ్చే ప్రధాన అంకె మంచు విస్తృతి. విస్తృతి అంటే మంచు ఎంత ఉంది అని కాదు, మంచు ఎంత మేర పరుచుకుని ఉంది అని. సముద్రాన్ని 25 కిలోమీటర్ల గడులుగా గీస్తారు. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి ఎంత దూరమో గడి ఒక పక్క సుమారు అంత. ఆ గడిలో 15 శాతం మంచు ఉంటే చాలు, మొత్తం గడిని మంచు కింద వేసేస్తారు. అంటే 94 చదరపు కిలోమీటర్ల మంచు ఉన్నా 625 అని రాస్తారు. 14 శాతం ఉంటే సున్నా. ఇది చూసి మామ ఎగిరి గంతేశాడు, "చూశావా, దొంగలెక్క!" అని. దొంగలెక్క కాదు మామా, నియమం ఏందో ముందే చెప్పి, 1979 నుంచి ఇవాల్టి దాకా అదే నియమం పట్టుకున్నారు, కాబట్టి ఈ ఏడాదిని ఆ ఏడాదితో పోల్చుకోవచ్చు.

అసలు మంచు మాత్రమే లెక్కగట్టే అంకె కూడా ఉంది, దాన్ని విస్తీర్ణం అంటారు. మరి అదే ముందు పెట్టొచ్చు గదా అని నాకూ అనిపించింది. ఎందుకు పెట్టరో తెలుసుకున్నాక మా కాటా గుర్తొచ్చింది. పట్టుబడి రోజు ఏజెంటుకీ మనకీ గొడవ ఎక్కడొస్తుంది? ట్రేలో నీళ్లు కారాయా లేదా అనే దగ్గర. నీళ్లు కారకముందు తూకం వేస్తే మనకి లాభం, ఇంకో ఐదు నిమిషాలు ఆపితే వాడికి లాభం. రొయ్య అదే, ట్రే అదే. అక్కడా అంతే, ఎండాకాలంలో మంచు పైభాగం కరిగి మడుగులు కడుతుంది, కింద మంచు గట్టిగానే ఉన్నా పైన నీళ్లుంటాయి. ఉపగ్రహం చూసేది ఫొటో కాదు, మంచు నుంచీ నీటి నుంచీ వచ్చే మైక్రోవేవ్‌లని కొలుస్తుంది, అందుకే మబ్బున్నా రాత్రైనా పనిచేస్తుంది. దానికి ఆ మడుగు, సముద్రం ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి వేసవిలో విస్తీర్ణం అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. విస్తృతికి ఆ దెబ్బ తక్కువ, ఎందుకంటే గడిలో 15 శాతం కనబడితే చాలు కదా. ఇదంతా వాళ్లే రాసిపెట్టారు, కాకపోతే నాలుగు క్లిక్కుల లోపల. ఒక స్టారు పోవడానికి మొదటి కారణం ఇదే. ఇంత ముఖ్యమైన ముక్క గ్రాఫు పక్కనే కనపడేట్టు రెండు లైన్లలో ఉండాలి.

ఇంకోటి, ధ్రువం దగ్గర రంధ్రం. ఉపగ్రహాలు సరిగ్గా ఉత్తర ధ్రువం మీదుగా పోవు, అక్కడ ఒక గుండ్రటి ముక్క కనపడదు. మొదట్లో, అంటే 1978లో ఎగిరిన నింబస్-7 కాలంలో, ఆ ముక్క దాదాపు 12 లక్షల చదరపు కిలోమీటర్లు. 1987 తర్వాతి పరికరాలకి 3 లక్షల దగ్గరికి తగ్గింది, ఇప్పుడు 30 వేల లోపే. విస్తృతి లెక్కలో ఆ రంధ్రాన్ని మంచే అనుకుని కలిపేస్తారు, విస్తీర్ణంలో కలపరు. అంటే విస్తీర్ణం అంకెల ఫైలు దించుకుని ఈ విషయం తెలియకుండా 1980ని 2020తో పోలిస్తే తప్పుదోవ పట్టినట్టే. మా బావ సరిగ్గా ఆ పనే చేశాడు, ఎక్సెల్‌లో గీత గీసి గ్రూపులో పెట్టాడు, ఎవరో ఒకాయన వచ్చి కడిగేశాడు. సాఫ్ట్‌వేర్ అయ్యుండీ చదవలేదంటే ఏమనాలి.

రోజువారీ గీత కూడా ఆ ఒక్కరోజుది కాదు, ఐదు రోజుల సగటు. జపాన్ వాళ్ల గ్రాఫులో రెండు రోజుల సగటు, పైగా వాళ్ల పరికరం ఏఎంఎస్‌ఆర్2 ఇంకా సన్నగా చూస్తుంది. డెన్మార్క్ వాతావరణ సంస్థ ఒకప్పుడు 15 శాతం బదులు 30 శాతం హద్దు పెట్టి గ్రాఫు వేసేది, తర్వాత మార్చుకుంది, మార్చిన రోజున పెద్ద రగడ, పాత గ్రాఫులో మంచు ఎక్కువ కనపడుతోందని తీసేశారని. అంటే ఒకే రోజు మూడు దేశాల వాళ్లు మూడు అంకెలు చెప్పినా ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. ఇది మామకి ఎట్టా చెప్పాలో తెలియక, "మామా, మన రొయ్యని మన కాటా మీద 52 కౌంట్, అదే కిలోకి 52 రొయ్యలు, అంటే కంపెనీ వాడు 55 అంటాడు, వాడు తీసిన శాంపిల్ వేరు" అన్నా. ఆయన అర్థం చేసుకున్నాడు గానీ, "అయితే కంపెనీ వాడు దొంగే గదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

సవరణల గురించి చెప్పాలి, గొడవల్లో సగం వీటి మీదే. 2012 సెప్టెంబర్‌లో రికార్డు కనిష్ఠం వచ్చినప్పుడు వాళ్లు ప్రకటించింది 34.1 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు అదే ఏడాదికి 33.9 అని ఉంది, తేదీ కూడా 16 నుంచి 17కి జరిగింది. 2020కి మొదట 37.4 అన్నారు, ఇప్పుడు 38.2. లెక్కగట్టే పద్ధతి బాగుచేసినప్పుడల్లా పాత ఏళ్లన్నిటినీ మళ్లీ దాంట్లోనే వేస్తారు, లేకపోతే కొత్తా పాతా పోల్చడం కుదరదు. చూడండి, ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది, మోసం చేసేవాడు రెండువైపులా ఎందుకు చేస్తాడు? పైగా 33.9 లక్షలంటే మన దేశం మొత్తం విస్తీర్ణం కంటే కాస్త ఎక్కువ, 0.2 అటో ఇటో అయితే కథ మారదు.

నిజంగా చెడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2009 ఫిబ్రవరిలో ఒక ఉపగ్రహం సెన్సార్ దారితప్పి ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల దాకా మంచుని తక్కువ చూపించింది. 2016 ఏప్రిల్‌లో ఎఫ్-17 అనే ఉపగ్రహంలో ఒక చానెల్ పాడై పిచ్చి అంకెలు వచ్చాయి, గ్రాఫు ఆపేసి ఎఫ్-18కి మారారు. రెండుసార్లూ వాళ్లే ఒప్పుకుని రాశారు. తప్పు జరిగిందని చెప్పి షాపు మూసి సరిచేసి తెరిచే వ్యాపారిని నేను మా టౌనులో ఒక్కణ్ణి కూడా చూడలేదు, ఈ విషయంలో మాత్రం పూర్తి మార్కులు.

పందెం మధ్యలో అసలు టెన్షన్ ఏమొచ్చిందంటే, అప్పటికి ఈ డేటా వచ్చేది అమెరికా రక్షణశాఖ వాతావరణ ఉపగ్రహాల నుంచి. 2025 జూన్ నెలాఖరుకి ఆ డేటా ఇవ్వడం ఆపేస్తామన్నారు, తర్వాత జూలై 31 అన్నారు, ఆఖర్లో 2026 సెప్టెంబర్ దాకా ఇస్తామన్నారు. ఈలోపు ఎన్‌ఎస్‌ఐడీసీ వాళ్లు జపాన్ ఉపగ్రహం మీదున్న ఏఎంఎస్‌ఆర్2 వైపు మారే పనిలో పడ్డారు. మామ హాయిగా, "పందెం రద్దు" అన్నాడు. నలభై ఏడేళ్ల రికార్డు ఒక ఆఫీసు ఉత్తరం మీద ఆధారపడి ఉందని తెలిసినప్పుడు నాకైతే నవ్వు రాలేదు. మన శ్రీహరికోట నుంచి, అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మేం మన అనే అంటాం, అదే జూలై 30న నైసార్ అనే ఉపగ్రహం ఎగిరింది, దానికి మంచుని చూసే పని కూడా ఉంది. కానీ అది రాడార్, దీని బదులు అది పెట్టేసి గీత కొనసాగించడం కుదరదు. పాత కాటా తీసేసి కొత్త కాటా పెడితే కొన్నాళ్లు రెండిటి మీదా తూచి చూసుకోవాలి గదా.

ఇద్దరి వాదనల మీదా నా తీర్పు కూడా రాసేస్తా. మామ "ఇరవై ఏళ్లుగా అట్నే ఉంది" అన్నదాంట్లో పస ఉంది, ఒప్పుకోవాలి. 2007లో పెద్ద పతనం వచ్చాక సెప్టెంబర్ అంకెలు అక్కడక్కడే ఎగురుతూ దిగుతూ ఉన్నాయి, ఈ నెమ్మది మీద 2025లో పరిశోధన పత్రం కూడా వచ్చింది, సహజమైన ఊగిసలాట కొంతకాలం వేడిని అడ్డుకుంటోందని, ఇది ఎప్పటికీ ఉండదని. అయితే మామ ఫార్వర్డ్ చేసిన బొమ్మ 2012 నుంచి మొదలవుతుంది. అత్యంత తక్కువ ఏడాది దగ్గర మొదలుపెడితే ఎవడికైనా పెరిగినట్టే కనిపిస్తుంది. 2013లో కూడా ఇదే వేషం, ముందేడు 33.9 ఉంటే ఆ ఏడు 50 దాటింది, మంచు తిరిగొచ్చిందని బ్రిటన్ పత్రికల్లో హెడ్డింగులు. వైరస్ కొట్టి గుంట మొత్తం పోయిన ఏడాదిని పట్టుకుని, మరుసటి ఏడు పంట రెట్టింపైందని చెప్పుకుంటే ఊళ్లో నవ్వరా? మొత్తం గీత చూస్తే సెప్టెంబర్ మంచు పదేళ్లకి 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది, 2025 మార్చిలో చలికాలపు గరిష్ఠం కూడా 143.3 లక్షలే, అప్పటిదాకా రికార్డు మొత్తంలో అదే అతి తక్కువ.

బావేమన్నా తక్కువ తిన్నాడా. 2013కల్లా మంచు మాయమవుతుందని అప్పట్లో కొందరు చెప్పిన జోస్యాలు ఆయనకి గుర్తులేవు, గుర్తుచేస్తే కోపం. "మంచు లేని ఆర్కిటిక్" అంటే శాస్త్రజ్ఞుల లెక్కలో పది లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ, అంటే ఆ రోజు వచ్చినా ఆంధ్రా, తెలంగాణ కలిపి మూడింతలకు పైగా మంచు ఉండొచ్చు. "ఒక్క గడ్డ మిగలదు" అనడం ఏ లెక్కకీ రాదు. 2012 జూలైలో గ్రీన్‌ల్యాండ్ 97 శాతం కరిగిందని ఈయన ఇప్పటికీ అంటాడు. కరిగింది మంచు పలక పైపొర, 97 శాతం మేర పైన తడి కనిపించింది, అంతే. మధ్యలో రెండు మూడు కిలోమీటర్ల మందముండే పలక కదలకుండా అక్కడే ఉంది. 2011లో ఒక పేరున్న బ్రిటిష్ అట్లాసు గ్రీన్‌ల్యాండ్ మంచు 15 శాతం పోయిందని ప్రచారం చేస్తే కేంబ్రిడ్జ్ మంచు శాస్త్రజ్ఞులే మొదట లేచి తప్పన్నారు, ప్రచురణకర్తలు దిగొచ్చారు. వేడెక్కుతోందని చెప్పేవాళ్లే ఆ తప్పుని పట్టుకున్నారు, బావ ఈ ముక్క గ్రూపులో ఎప్పుడూ పెట్టడు.

గ్రీన్‌ల్యాండ్ మాట వచ్చింది కాబట్టి మామకి ఇంకో అక్షింత. "ఈ ఏడు గ్రీన్‌ల్యాండ్‌లో మంచు పెరిగింది" అని డెన్మార్క్ వాళ్ల గ్రాఫు తిప్పుతాడు. ఆ గ్రాఫు పడిన మంచులోంచి పైన కరిగి పోయింది మాత్రమే తీసేస్తుంది, అంచుల నుంచి విరిగి సముద్రంలో పడే పెద్ద పెద్ద గడ్డల్ని తీయదు. రొయ్యలమ్మిన డబ్బు చూపించి మేత, సీడు, కరెంటు బిల్లు తీయకుండా లాభం అనడమే. మొత్తం బరువు తూచే గ్రేస్ ఉపగ్రహాల లెక్కలో 2002 నుంచి సగటున ఏడాదికి 25 వేల కోట్ల టన్నులకి పైనే పోతోంది. సముద్రం పెరిగేది దీనివల్ల, తేలే మంచు వల్ల కాదు. గ్లాసులో ఐస్ కరిగితే నీళ్లు పొర్లవు కదా.

నేల మీద మంచు, అంటే హిమపాతం లెక్కల జోలికి ఎక్కువ పోలేదు. 1884లోనే బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన, మన వాతావరణ శాఖ మొదటి పెద్ద, హిమాలయాల మంచుకీ మన వానకీ లింకు పెట్టాడు కాబట్టి కాస్త ఆశగా చూశా. అమెరికాలో రట్‌గర్స్ యూనివర్సిటీ దగ్గర 1966 నుంచి అంకెలున్నాయి. కానీ పాత మ్యాపులు మనుషులు చూసి వారానికోసారి చేత్తో గీసినవి, తర్వాత రోజువారీ మ్యాపులు వచ్చాయి. అక్టోబర్‌లో మంచు పెరుగుతోందని అందులో కనపడేదాన్ని 2013లో ఒక పరిశోధన వేరే లెక్కలతో పోల్చి, అది సరిపోలట్లేదని తేల్చింది. నాకు అక్కడితో ఓపిక అయిపోయింది.

ఇంకా స్టారు కోతకి కారణాలు: అంకెలన్నీ మిలియన్లలో, లక్షల్లోకి మార్చుకోలేక అత్త రెండుసార్లు చీవాట్లు పెట్టింది. బూడిదరంగు పట్టీ 2013 దాకా 1979 నుంచి 2000 సగటు, ఆ తర్వాత మార్చారు, పాత వార్తల్లో "సగటు కంటే ఇంత తక్కువ" అని ఉంటే ఏ సగటో వెతుక్కోవాలి. గ్రాఫులో మందం కనపడదు, పల్చటి మంచైనా మీటర్ల మందమున్న పాత మంచైనా ఒకటే గీత, దానికి వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల పయోమాస్ అనే లెక్క దగ్గరికి పోవాలి, అదీ కొలత కాదు, మోడల్.

ఇక పందెం. 2025 సెప్టెంబర్ 10న కనిష్ఠం, 46 లక్షలు. స్థానం పదో అతి తక్కువ. బావ కేక వేశాడు. తర్వాతి ముక్క చదివితే, 2008, 2010లతో సమానంగా పదో స్థానం అట. "ముగ్గురు ఒకే చోట కూర్చుంటే పన్నెండు మంది అయ్యారు, పదింటిలో ఎట్టా వస్తుందిరా" అని మామ. పదో ర్యాంకు అంటే పదో ర్యాంకే అని బావ. పైగా ఇది తాత్కాలిక అంకె, గాలి మారితే ఇంకా తగ్గొచ్చని వాళ్లే కింద రాశారు. అంపైర్‌గా నేను చేతులెత్తేశా. పులుసు అత్తే చేసింది, చేపలు నేను తెచ్చా, అంటే ఓడింది నేనన్నమాట.

మార్చి గరిష్ఠానికి మళ్లీ పందెం వేశారు. ఈసారి మేత కంపెనీ క్యాలెండర్ వెనక షరతులు రాయించా: ఎన్‌ఎస్‌ఐడీసీ అంకె, విస్తృతే, ఐదు రోజుల సగటు, సమానమైతే ఖర్చు సగం సగం, ఏప్రిల్ 15 తర్వాత సవరిస్తే చెల్లదు. ఇద్దరూ సంతకం పెట్టారు. క్యాలెండర్ అత్త బీరువాలో ఉంది.